గూడూరులో క్యారెట్ వేయొచ్చా? ఇంటికైతే వేయండి, అమ్మకానికైతే ఆగండి



ఈ వారం వీడియోలో మా పాప పెరట్లో క్యారెట్ పీకేది చూసే ఉంటారు. చూడనివాళ్ల కోసం చెప్తా. శివరాత్రికి వారం ముందు తీసిన వీడియో అది. పిల్ల రెండు చేతులతో ఆకు పట్టుకుని లాగితే నా చూపుడువేలంత గడ్డ వచ్చింది, దానికి రెండు కాళ్లు. రంగు కూడా అంగట్లో క్యారెట్ అంత ముదురు కాదు, కాస్త పాలిపోయిన నారింజ. పిల్లకి అదేం పట్టలేదు. తొట్టి దగ్గర కడుక్కుని అక్కడే నిలబడి కొరుక్కు తినేసింది. వీడియో కట్ చేసే తమ్ముడు, "అన్నా, ఇది వద్దులే. పక్కన నిటారుగా వచ్చినవి నాలుగుండాయి గదా, అవి చూపిద్దాం" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ముందు అదే అనిపించింది. తర్వాత ఉంచమన్నా. ఎందుకు ఉంచమన్నానో చెప్పడానికే ఇది రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. గూడూరు చుట్టుపక్కల, అటు చిల్లకూరు, కోట, వాకాడు దాకా, క్యారెట్ ఇంటి పెరట్లో తప్పకుండా వేసుకోదగ్గ పంట. సెంట్లకు సెంట్లు వేసి అమ్ముకోదగ్గ పంట కాదు. ఇక ఏడాది పొడవునా మన కూరగాయల బుట్టలో క్యారెట్ పెట్టి "మా ప్రకృతి వ్యవసాయం సరుకు" అని అమ్మడం మోసం. ఈ చివరి మాట ఎవరికైనా గట్టిగా తగిలితే, ముందు తగలాల్సింది నాకే. ఆ పని నేను చేశా.

నాది అగ్రికల్చర్ డిప్లొమా. మాకున్న నాలుగెకరాల్లో సగానికి పైగా నిమ్మ, కొంత వరి, మిగతాది కూరగాయలు. నిమ్మ ధర మన చేతుల్లో లేదని గూడూరు మార్కెట్‌కి కాయ తోలే ప్రతి రైతుకీ తెలుసు. ఒక నెల బస్తా బంగారం, ఇంకో నెల కోతకూలీ కూడా రాదు. అందుకే కూరగాయల బుట్ట మొదలుపెట్టా. గూడూరు టౌన్లో కొన్ని ఇళ్లు, నెల్లూరులో కొన్ని, అంతా కలిపి అరవై ఇళ్లకు వారానికి ఒక బుట్ట. బెండ, వంగ, బీర, సొర, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర. మన నేలలో ఏది వస్తే అది. రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత ప్రతి ఇంట్లో ఒకటే మాట. "క్యారెట్ లేదా బాబూ? పిల్లల బాక్సులోకి అదే కావాలి."

సరే, వేద్దామనుకున్నా. 2022లో పది సెంట్లు తీసుకుని అక్టోబరులో చల్లేశా. డిప్లొమా చదివినోడిని, శీతాకాలం పంట అని తెలుసు, ముందే వేస్తే ముందే వస్తుందిలే అన్న ధీమా. మనకు అక్టోబరు అంటే శీతాకాలం కాదు, ఈశాన్య రుతుపవనం. ఆ సంగతి పుస్తకం చెప్పలేదు, మా అమ్మ చెప్పింది. "వానలు పడే రోజుల్లో ఆ జీలకర్రంత గింజ మట్టిలో నిలబడుద్దా నాయనా?" అని. నిలబడలా. సగం కొట్టుకుపోయింది, మిగతా దాంట్లో గడ్డి మొలిచింది. గడ్డి పీకిన కూలీ ఖర్చు కూడా ఆ పంట ఇవ్వలేదు.

ఇక్కడే తప్పు చేశా. ఒక వ్యాపారి ఫోన్ చేసి, కొండ ప్రాంతం నుంచి ఆర్గానిక్ క్యారెట్ ఇస్తానన్నాడు. బిల్లు లేదు, ఏ రైతో తెలీదు, పీజీఎస్ గుంపు పేరు అడిగితే "అవన్నీ ఎందుకు సార్" అన్నాడు. నేనూ మళ్లీ అడగలేదు. తెచ్చిన క్యారెట్‌ని మా బుట్టలో, మా పేరున్న సంచిలో పెట్టా. గూడూరులో రిటైరైన ఒక టీచరమ్మ ఉన్నారు, మొదటి నుంచీ మా బుట్ట తీసుకునేవారు. ఆమె ఒకసారి, "అబ్బాయ్, ఈ క్యారెట్ మీ చేలోదేనా?" అని అడిగారు. "అవునమ్మా" అన్నా. నోరు తిరిగిపోయింది అంతే.

మే నెలలో ఒక ఆదివారం ఆమె మనవణ్ణి తీసుకుని చేనికి వచ్చేశారు. చెప్పకుండా రాలేదు, ముందు రోజు ఫోన్ చేశారు. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. పిల్లోడు గట్టు మీద నిలబడి, "తాతమ్మా చెప్పిందే, క్యారెట్ చెట్లు ఏవి అంకుల్?" అన్నాడు. మే నెల, మన ఎండ సంగతి మీకు చెప్పాలా! బెండ తప్ప ఏమీ నిలబడి లేదు. అయిపోయిందని చెప్పా. "ఎప్పుడు అయిపోయింది? మొన్న మంగళవారం ఇచ్చావు గదా" అన్నారు ఆమె. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అరకిలో బెండకాయలు కోయించుకుని, డబ్బులిచ్చి వెళ్లిపోయారు. తర్వాతి వారం ఫోన్ చేసి "ఇంక వద్దులే అబ్బాయ్" అన్నారు.

అరవైలో ఒక ఇల్లు పోతే వ్యాపారం మునగదు. కానీ నిద్ర పట్టలేదు. మందు కొట్టకుండా పండించామన్న ఒక్క మాట మీదే మనం రెండు రూపాయలు ఎక్కువ అడుగుతున్నాం. ఆ మాటకి మిషన్ పెట్టి చూసే పరీక్ష ఏ ఇంట్లోనూ లేదు. మనల్ని నమ్మి తింటున్నారు.

ఇప్పుడు సాగు సంగతికి వద్దాం. క్యారెట్ మన దగ్గర ఎందుకు పెద్ద ఎత్తున రాదో మూడు కారణాలున్నాయి. వాన గురించి చెప్పేశా. రెండోది వేడి. గడ్డకి మంచి రంగు, తీపి రావాలంటే 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. మనకు డిసెంబరు, జనవరిలో రాత్రి పూట 20 దగ్గరికి వస్తుంది, పగలు మళ్లీ 29, 30. అంటే దానికి కావాల్సిన చల్లదనం మనం రాత్రిపూట మాత్రమే, అదీ రెండు నెలలు మాత్రమే ఇవ్వగలం. ఊటీ దగ్గర కేత్తి లోయలో ఆ చల్లదనం దాదాపు ఏడాదంతా ఉంటుంది. అక్కడ తవ్విన క్యారెట్‌ని యంత్రాల్లో కడిగి, మేట్టుపాళయం మార్కెట్ మీదుగా పంపిస్తారు. అలా రుద్ది కడిగినందువల్లే అంగట్లో అంత నున్నగా మెరుస్తుంది, తెచ్చిన రెండు రోజులకే మెత్తబడి నల్లబడుతుంది కూడా. మన పెరటి క్యారెట్‌ని ఆ మెరుపుతో పోల్చి సిగ్గుపడొద్దు.

మూడోది ఉప్పు. దీన్ని ఎవరూ చెప్పరు, నాకైతే ఇదే అసలు విషయం. ఉప్పుని అస్సలు ఓర్చుకోలేని పంటల్లో క్యారెట్ ఒకటి. నేల ఉప్పుదనం, అంటే ఈసీ అంటారే, అది 1 దాటితే చాలు క్యారెట్ దిగుబడి తగ్గడం మొదలవుతుంది. అక్కడ నుంచి ఒక్కో యూనిట్ పెరిగితే ఇంచుమించు 14 శాతం పోతుంది. వరి 3 దాకా ఓర్చుకుంటుంది, పత్తి 7 దాటినా నిలబడుతుంది. మన తీరం వైపు, ముఖ్యంగా రొయ్యల గుంటలు పక్కనుండే చేలల్లో బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే తెలిసిపోతుంది. ఆ నీళ్లతో పది సెంట్ల క్యారెట్ తడపడమంటే మనమే దానికి విషం పెట్టినట్టు. జీవామృతం ఎంత పోసినా నీళ్లలో ఉప్పు పోదు. నేను జీవామృతాన్ని నమ్మేవాణ్ణే, కానీ చేయలేని పని చేస్తుందని చెప్పుకుంటే దాని పరువే పోతుంది.

పెరడు అయితే ఈ మూడింటికీ దారి ఉంది. వాన వస్తే పట్టా కప్పొచ్చు. ఎండ ఎక్కువైతే మునగచెట్టు నీడ దొరుకుతుంది. ఉప్పు బోరైతే పంచాయతీ కుళాయి నీళ్లు రెండు బిందెలు సరిపోతాయి. రెండు అంకణాల జాగాలో చేయగలిగింది పది సెంట్లలో చేయలేం. నా వాదనంతా ఇదే.

ఎట్ట వేశానో చెప్తా. వీడియోలో తొందరగా దాటేసిన చోట ఇక్కడ కాస్త నిదానంగా చెప్తా.

నవంబరు ఆఖరి వారంలో మొదటి విడత, పది రోజులకు రెండోది, ఇంకో పది రోజులకు మూడోది. అంతా ఒకేసారి చల్లొద్దు. 2023లో నేను మొత్తం ఒకే రోజు చల్లితే డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను వచ్చి మడి మడంతా చదును చేసి పోయింది. విడతలుగా వేస్తే ఒకటి పోయినా రెండుంటాయి. సంక్రాంతి దాటాక మాత్రం కొత్తగా వేయొద్దు, గడ్డ ఊరే సమయానికి ఎండ ముదురుతుంది.

మడి అడుగు ఎత్తు ఉండాలి. మన ఇసక గడ్డ దిగడానికి బంగారం లాంటిది, కానీ నీళ్లూ నిలవవు, సత్తువా నిలవదు. చిల్లకూరు, కోట వైపు ఇసక గాజు ఫ్యాక్టరీలకు పోయే సిలికా, దాంట్లో గడ్డకి తినడానికేముంటుంది? అందుకని ఇసకలో సగం ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, జల్లెడ పట్టా. బాగా మాగిన అన్న మాట గుర్తుపెట్టుకోండి. పచ్చి పేడ వేస్తే గడ్డకి కాళ్లొస్తాయి. మా పాప పీకిన రెండు కాళ్ల గడ్డ ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆ మూలన జల్లెడ పట్టడానికి ఓపిక లేక గులకరాళ్లు అట్టాగే వదిలేశా.

విత్తనం నారు పోసి నాటేది కాదు, నేరుగా మడిలోనే పడాలి. బీజామృతం లైట్‌గా చిలకరించి నీడలో ఆరబెట్టి, గుప్పెడు పొడి ఇసక కలిపి, వేలి గోరంత లోతు గాట్లలో వేయాలి. వరుసకి అక్కడక్కడ ముల్లంగి గింజ వేయండి. క్యారెట్ మొలవడానికి పది రోజుల నుంచి ఒక్కోసారి మూడు వారాలు పడుతుంది, ఈలోపు వరుస ఎక్కడుందో మర్చిపోయి మనమే తొక్కేస్తాం. ముల్లంగి నాలుగు రోజులకే లేచి వరుస చూపిస్తుంది, గట్టిపడిన మట్టిని పగలగొడుతుంది కూడా. పైన తడి గోనెపట్టా కప్పి రోజుకి రెండుసార్లు నీళ్లు చల్లాలి. మొలక కనిపించిన రోజు సాయంత్రమే గోనె తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యం చేసి నేను సగం మొలకల్ని గోనెతో పాటే పీకేశా.

తర్వాత అసలు పరీక్ష, పలచన చేయడం. రెండు మూడు ఆకులొచ్చాక మొక్కకి మొక్కకి మూడు వేళ్ల ఎడం ఉండేలా మిగతావి పీకేయాలి. రైతు చెయ్యి మొలిచిన మొక్కని పీకడానికి ఒప్పుకోదు. మా అమ్మ అయితే నన్ను తిట్టింది. పీకకుండా వదిలిన అడుగు జాగాలో నలభై ఆకులు, ఒక్క గడ్డ లేదు. అది వీడియోలో చూపించా. పీకిన చిన్న మొక్కల ఆకు పప్పులో వేసుకోండి, వృథా కాదు.

జీవామృతం పెరటి లెక్కకి ఇట్ట కలుపుకోవచ్చు: 20 లీటర్ల నీళ్లకి కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. రెండు రోజులు నీడలో, ఉదయం సాయంత్రం తిప్పాలి. పదిహేను రోజులకోసారి నీళ్లతో పాటు ఇచ్చా. వారం వారం పోస్తే ఆకు గుబురుగా వస్తుంది, గడ్డ మాత్రం సన్నగా, వెంట్రుకలతో ఉంటుంది. గడ్డ భుజం మట్టిపైకి కనిపిస్తే మట్టి ఎగదోయండి, లేకపోతే ఆ భాగం పచ్చబడి చేదొస్తుంది. నీళ్లు ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచెత్తితే గడ్డ పగులుతుంది.

ఒక రెండు విషయాల్లో మనవాళ్లతోనే విభేదిస్తా. మడి చుట్టూ నాలుగు బంతి మొక్కలు పెడితే నులిపురుగు పోతుందని వీడియోల్లో చెప్తుంటారు. చుట్టూ పెడితే అందంగా ఉంటుంది, అంతే. బంతి నులిపురుగు మీద పనిచేసేది నిజమే, కానీ అదే మడిలో ముందు రెండు మూడు నెలలు దట్టంగా బంతి పెంచి, ఆ తర్వాత క్యారెట్ వేస్తేనే. నేను దసరాకి కోసేలా ఆ మడిలోనే బంతి వేశా. పూలూ అమ్ముకున్నా, మొక్కల్ని అక్కడే తొక్కేశా. ఇంకోటి, కోసేసిన క్యారెట్ తలని గిన్నెలో నీళ్లలో పెడితే మళ్లీ క్యారెట్ వస్తుందని లక్షల మంది చూసిన వీడియోలున్నాయి. రాదు. ఆకు వస్తుంది, మట్టిలో పెడితే పువ్వు కూడా రావచ్చు, కొత్త గడ్డ మాత్రం ఊరదు. పిల్లలకి ఆట కోసం పెట్టండి, తప్పులేదు. పంట అని చెప్పొద్దు.

తినే సంగతి చెప్పకపోతే మా అమ్మ ఒప్పుకోదు. ఎనభై, తొంభై రోజులకు గడ్డ పీకి, మట్టి విదిలించి, ఆకు వెంటనే తుంచేయాలి. ఆకు ఉంచితే అది గడ్డలో నీళ్లు లాగేస్తుంది. చెక్కు తీయక్కర్లేదు, కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే చాలు. మా ఇంట్లో ఎక్కువగా చేసేది, తురిమి, నానబెట్టిన పెసరపప్పు కలిపి, ఆవాలు మిరపకాయ పోపు పెట్టి, పైన మన గూడూరు నిమ్మకాయ పిండడం. పోపులో నూనె మాత్రం మానొద్దు. క్యారెట్‌లో ఉండే కెరోటిన్ కొవ్వుతో కలిస్తేనే ఒంటికి పడుతుంది, కాస్త ఉడికితే ఇంకా బాగా పడుతుంది. అందుకే పచ్చిది ఉత్తగా నమలడం కన్నా పచ్చికొబ్బరి వేసిన వేపుడు మేలు. మా జేజి చివరిదాకా దీన్ని "ఎర్రముల్లంగి" అనే అనేది, చింతపండు వేసి రోటి పచ్చడి నూరేది. మా పెరటి క్యారెట్ రంగు తక్కువే, తీపి కూడా కొండ క్యారెట్ అంత లేదు. కానీ పీకిన అరగంటలో వండితే వాసన వేరు. ఆ వాసన బుట్టలో పెట్టి అమ్మలేం.

"క్యారెట్ ఇవ్వకపోతే కస్టమర్ పోతాడు గదన్నా" అని ఒక తోటి రైతు అడిగాడు. పోతారు, నాకు ఏడిళ్లు పోయాయి. మిగతావాళ్లకి ఒక కాగితం రాసి బుట్టలో పెట్టా. ఇన్నాళ్లూ ఇచ్చిన క్యారెట్ మాది కాదు, తప్పయింది, మా నేలలో అది రెండు నెలల పంట, అదీ ఇంటి మటుకే అని. క్యారెట్ బదులు పండిన గుమ్మడి ముక్క, మునగాకు, బొప్పాయి పెడుతున్నా. పిల్లల కంటిచూపు కోసమే అయితే ఇవేం తక్కువ కాదు. మన ఇసకకి చిలగడదుంప ఎంత బాగా వస్తుందో మీకు తెలుసు. మామూలు తెల్లదాంట్లో కెరోటిన్ ఉండదు గానీ, తిరువనంతపురం దుంప పంటల పరిశోధన సంస్థ వాళ్ల భూసోనా అనే నారింజ రంగు రకంలో పుష్కలంగా ఉంటుంది. తీగ ముక్క సంపాదించే పనిలో ఉన్నా. కొండ క్యారెట్ అమ్మాలనే ఉంటే అమ్మండి, నేను వద్దనను. పండించిన రైతు ఎవరో తెలుసుకుని, ఏ ఊరిదో సంచి మీద రాసి అమ్మండి.

విత్తనం గురించి ఒక మాట. అంగట్లో దొరికే నాంటిస్ లాంటి విలాయతీ రకాలు గడ్డ బాగా ఇస్తాయి, కానీ చలి తగలనిదే పువ్వు పుయ్యవు, కాబట్టి మనం విత్తనం కట్టలేం. ఢిల్లీ పూసా సంస్థ తెచ్చిన పూసా కేసర్, పూసా మేఘాలి లాంటివి మైదానంలోనే విత్తనం కడతాయి. పెరటికి ఇవే నయం. గుజరాత్‌లో జునాగఢ్ దగ్గర వల్లభ్‌భాయ్ వస్రాంభాయ్ మార్వాణియా అనే రైతు 1943లో పశువుల మేతకి వేసే గాజరని చూసి, మనుషులకి పనికొస్తుందని మంచి గడ్డలు ఏరి విత్తనం కడుతూ మధుబన్ గాజర్ అనే రకాన్ని తీశారు. 2019లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆయనదీ కొండ ప్రాంతం కాదు, మైదానమే.

ఆ ధైర్యంతోనే ఈసారి ఆరు గడ్డలు పక్కన పెట్టా. నిటారుగా, రంగుగా, పగలకుండా వచ్చినవి. కింది భాగం కోసేసి, తల వైపు ముక్కని కొంచెం కాడతో మళ్లీ నాటా. నాలుగు చిగురించాయి, ఒకటి కుళ్లింది, ఇంకోటి ఏం చేస్తుందో చూడాలి. పువ్వు వచ్చే వేళకి మన ఎండ ఎంత కాస్తుందో, తేనెటీగలు వస్తాయో లేదో.

టీచరమ్మ కాగితం సంగతి ఎవరి ద్వారానో విని, మొన్న మనవణ్ణి తీసుకుని మళ్లీ వచ్చారు. పిల్లోడు పీకిన మొదటి గడ్డకి మూడు కాళ్లు. బుట్ట మళ్లీ తీసుకుంటానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. ఆ మూడు కాళ్ల దాన్ని మాత్రం సంచిలో వేసుకుని పోయారు. విత్తనం చేతికొస్తే ఏప్రిల్లో వీడియో పెడతా, రాకపోతే ఎందుకు రాలేదో పెడతా.